ఆరోగ్య వీథి: చీలమండలోని ప్లాస్టిక్ బేరింగు ఎన్నేళ్లు మన్నుతుంది?

తుంటి కీలు, మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్సలను గురించి ఈ శీర్షికలో లోగడ పాఠకులతో ముచ్చటించి ఉన్నాము. ఆ వ్యాసాలు చదివిన పిమ్మట, మెకానికల్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక మిత్రుని కుటుంబం నుండి మాకొక ఉత్తరం అందింది. చాలాకాలం క్రితం స్కూటరు ప్రమాదంలో ఆయన చీలమండ విరిగింది. ఎముక అతికినది గాని, ఏళ్లు గడిచిన కొద్దీ నొప్పి ముదిరి, ఇప్పుడు వీధి చివరి వరకు నడవడమే కష్టమైనది. ఆ కీలును కదలకుండా బిగించి వేయడం మేలని ఒక వైద్యులు చెప్పారు. కృత్రిమ కీలు అమర్చుకోవచ్చునని మరొక వైద్యులు చెప్పారు. "లోపల పెట్టేది ప్లాస్టిక్ ముక్క అంటున్నారు. మా పెరటిలోని ప్లాస్టిక్ బకెట్టు రెండేళ్లకే పెళుసెక్కి పగిలిపోతున్నది. ఆ ముక్క మనిషి బరువును ఎన్నేళ్లు మోయగలదు?" అని ఆయన శ్రీమతి అడిగారు.

ప్రశ్న సామాన్యమైనది కాదు. ఒకసారి శస్త్రచికిత్స జరిగిన తరువాత ఎముకను తిరిగి తెచ్చుకొనే వీలు లేదు. పైగా ఆ సోదరి ఇచ్చిన బకెట్టు ఉపమానం, ముందు ముందు తేలబోవునట్లు, విషయానికి ఎంతో దగ్గరగా ఉన్నది. కావున ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

చీలమండ ప్రత్యేకత

బేరింగు అన్న మాట మన సంస్థలో పనిచేసే వారికి క్రొత్త కాదు. రెండు గట్టి భాగాలు ఒకదానిపై ఒకటి కదలునప్పుడు రాపిడిని తగ్గించి బరువును మోసేది బేరింగు. మన శరీరంలోని ప్రతి కదిలే కీలులోనూ మృదులాస్థి ఆ పనే చేస్తున్నది. చీలమండలో పైనుండి టిబియా అనబడే కాలి పెద్ద ఎముక, ప్రక్కన ఫిబులా అనబడే సన్నని ఎముక కలిసి ఒక గాడి వలె ఏర్పడతాయి. ఆ గాడిలో టాలస్ అనే పాదపు ఎముక ముందుకు వెనుకకు ఆడుతుంది.

ప్రకృతి ఈ కీలును చాలా గట్టిగా నిర్మించింది. తుంటి, మోకాలు వయసుతో వాటంతటవే అరిగిపోవడం సాధారణం. చీలమండ అలా అరిగిపోవడం అరుదు. చీలమండ కీలువాతంలో అధిక భాగం పాత ఎముక విరుగుడు వలన గాని, పదే పదే కాలు బెణకడం వలన గాని కలుగుతుంది. విరిగిన ఎముక వెంట్రుకవాసి తేడాతో అతికినా, గాడిలో టాలస్ సరిగా కూర్చొనదు. షాఫ్టు అలైన్‌మెంటు తప్పిన యంత్రంలో బేరింగుకు ఏమి జరుగుతుందో, ఇక్కడ మృదులాస్థికి అదే జరుగుతుంది. ప్రమాదాలే ముఖ్య కారణం కనుక, ఈ బాధకు గురయ్యేవారిలో చాలామంది తుంటి, మోకాలు రోగులకంటె చిన్నవారై ఉంటారు. అనగా వారికి అమర్చే కీలు ఎక్కువ ఏళ్లు, ఎక్కువ నడకను భరించవలసి ఉంటుంది.

భారం లెక్క

నడకలో మనం మడమ ఎత్తి ముందుకు త్రోసుకొనే క్షణంలో, పిక్క కండరాలు లాగే బలం కూడా కలిసి, చీలమండపై శరీరపు బరువుకు సుమారు ఐదింతల భారం పడుతుంది. 70 కిలోల మనిషికి ఇది 350 కిలోలు. ఆ భారాన్ని మోసే స్థలం మాత్రం చాలా తక్కువ. సుమారు 50 కిలోల భారం క్రింద కొలిచినప్పుడు తుంటిలోను, మోకాలిలోను ఎముకలు ఒకదానినొకటి తాకే స్థలం దాదాపు 11 చదరపు సెంటీమీటర్లు కాగా, చీలమండలో అది దాదాపు మూడున్నర మాత్రమే.

కృత్రిమ కీలులో తాకే స్థలం ఒక్కొక్క నమూనాలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. లెక్క సులువు కొరకు అక్కడ కూడా మూడున్నరే అనుకొందాము. అప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరుపై 100 కిలోల ఒత్తిడి పడుతుంది. ఈ కీళ్లలో వాడే ప్లాస్టిక్ శాశ్వతంగా సొట్ట పడడం మొదలయ్యే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోలు. అంతవరకు ఫరవాలేదు. అయితే కీలు కొద్దిగా వంకరగా కూర్చొని, ఉన్న స్థలంలో మూడవ వంతు మాత్రమే బరువు మోస్తున్నదనుకొందాము. ఒత్తిడి వెంటనే 300 కిలోలకు చేరుతుంది. ప్లాస్టిక్ నాణ్యత ఎంత మేలైనదైనా ఈ లెక్క మారదు.

దీనికి అడుగుల లెక్క కలపాలి. కృత్రిమ కీళ్లను పరీక్షించే ఇంజనీర్లు ఒక కాలికి ఏడాదికి సుమారు పది లక్షల అడుగులని లెక్క వేసుకొంటారు. పదేళ్లకు కోటి అడుగులు. గ్రీజు పెట్టేందుకు గాని, షట్‌డౌన్ తీసుకొనేందుకు గాని వీలులేని బేరింగు ఇది.

మగ్గాల నుండి మనిషి కీలులోనికి

ఈ ప్లాస్టిక్ పేరు అత్యధిక అణుభారం గల పాలిఎథిలీన్. బజారులో కనిపించే సంచులు, సీసాల పాలిఎథిలీన్‌కు ఇది దూరపు బంధువు. అణువుల గొలుసులు మాత్రం ఎంతో పొడవైనవి. అణుభారం లక్షలలో, సాధారణంగా ముప్పై లక్షలకు పైబడి ఉంటుంది. అంత పొడవైన గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉండుట వలన ఇది రాపిడికి సులభంగా లొంగదు. బొగ్గు బంకర్లలోను, చ్యూట్లలోను లైనర్లుగా బిగించే నునుపైన తెల్లని పలకలను మనలో చాలామంది చూసే ఉంటారు. అది ఈ జాతి పదార్థమే.

ఇది వైద్యరంగంలోనికి వచ్చిన కథ చెప్పుకోదగినది. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు 1958 నుండి తుంటి కీళ్లలో టెఫ్లాన్ గిన్నెలను అమర్చారు. టెఫ్లాన్ చాలా జారుడు గుణం కలది. రాపిడి తక్కువైతే అరుగుదల కూడా తక్కువే ఉంటుందని ఆయన నమ్మకం. కొన్ని నెలలు రోగులు హాయిగా నడిచారు. మూడు నాలుగేళ్లు తిరగక ముందే గిన్నెలు అరిగిపోయి, రాలిన పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని, ఎముకను దెబ్బ తీసింది. దాదాపు 300 మందికి మళ్లీ శస్త్రచికిత్స చేయవలసిన దుస్థితి ఏర్పడింది. ఆ పొడి ప్రభావం తెలుసుకొనేందుకు చార్న్‌లీ దానిని తన తొడలోనికే ఎక్కించుకొని చూశారు.

1962లో ఒక వ్యాపార ప్రతినిధి లాంకషైరు నేత మిల్లుల మగ్గాలలో పళ్లచక్రాలకు వాడే ఒక క్రొత్త ప్లాస్టిక్‌ను ఆసుపత్రి వర్క్‌షాపుకు తెచ్చాడు. చార్న్‌లీ దానిని గోటితో గీకి చూసి పనికిరాదన్నారు. ఆయన వద్ద పనిచేసే సాంకేతిక నిపుణుడు హ్యారీ క్రేవెన్ మాత్రం, చార్న్‌లీ విదేశం వెళ్లిన సమయంలో ఆ ముక్కను అరుగుదల పరీక్షా యంత్రంపై బిగించాడు. మూడు వారాలు రాత్రింబవళ్లు నడిచినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు. అదే పాలిఎథిలీన్. ఆ ఏడాది నవంబరు నుండి చార్న్‌లీ దానిని వాడసాగారు. వర్క్‌షాపులో పనిచేసే ఒక ఉద్యోగి పట్టుదల వలన లక్షలాది మంది మళ్లీ నడవగలిగారన్న సంగతి మన పాఠకులకు ప్రత్యేకమైన సంతోషాన్ని కలిగిస్తుందని భావిస్తున్నాము.

తుంటిలో విజయం చూసి చీలమండకు కూడా ఇదే మార్గం తొక్కారు. ఫ్రాన్సులో లార్డ్, మారోట్ అనే వైద్యులు 1970లో మొదటి కృత్రిమ చీలమండను అమర్చారు. దాని ఆకృతి తుంటి కీలును తలక్రిందులు చేసినట్లు ఉండేది. ఫలితాలు నిరాశ కలిగించాయి. ఆ దశాబ్దంలో వచ్చిన ఇతర నమూనాలు కూడా చాలావరకు వదులైపోయాయి. తరువాత రెండు మార్గాలు నిలిచాయి. ఒకదానిలో ప్లాస్టిక్ ముక్క పై లోహపు పలకకు స్థిరంగా బిగించి ఉంటుంది. రెండవదానిలో రెండు లోహ భాగాల మధ్య ప్లాస్టిక్ ముక్క స్వేచ్ఛగా జరుగుతుంది. డెన్మార్కు వైద్యుడు కోఫోడ్ రూపొందించిన స్టార్ అనే కీలు ఈ రెండవ రకానికి చెందినది. అందులో ప్లాస్టిక్ మందం 6 నుండి 10 మిల్లీమీటర్లు.

గాలి చేసే అపకారం

ఇప్పుడు బకెట్టు విషయానికి వద్దాము. ఎండలో పెట్టిన బకెట్టు పగలడానికి కారణం నీటి బరువు కాదు. సూర్యకిరణాలు ప్లాస్టిక్‌లోని అణువుల గొలుసులను తెంచుతాయి. తెగిన కొసలతో గాలిలోని ప్రాణవాయువు కలుస్తుంది. గొలుసులు పొట్టివై, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

కృత్రిమ కీలు శరీరంలో ఎండకు గురికాదు. అయితే దానిని సూక్ష్మజీవిరహితం చేయడానికి చాలాకాలం గామా కిరణాలను ప్రయోగించారు. ఆ కిరణాలు కూడా గొలుసులను తెంచుతాయి. ప్రాణవాయువు అందకపోతే తెగిన కొసలు ఒకదానితో ఒకటి ముడిపడి ప్లాస్టిక్ మరింత గట్టిపడుతుంది. ప్రాణవాయువు అందితే బకెట్టు గతే పడుతుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. కిరణాలు సోకిన ముక్క గాలి చొరబడే ప్యాకెట్టులో అలమారలో ఉన్నంత కాలం లోలోపల ఆక్సీకరణం సాగుతూనే ఉంటుంది. పైకి నునుపుగానే కనిపించినా, ఉపరితలానికి సుమారు ఒక మిల్లీమీటరు లోతున పెళుసైన తెల్లని పొర ఏర్పడుతుంది. రోగి నడవడం మొదలుపెట్టిన కొన్నేళ్లకు అక్కడే పగుళ్లు పుట్టి, పొరలు పొరలుగా లేచిపోతుంది. అనగా, కొన్ని ముక్కల ఆయుష్షు శరీరంలోనికి చేరక ముందే తరిగిపోయి ఉన్నది.

1990వ దశకం నడుమ ఈ సంగతి స్పష్టమైన తరువాత తయారీదారులు గాలికి బదులు జడ వాయువును నింపిన ప్యాకింగును చేపట్టారు. ఆ దశకం చివరికి, ఎక్కువ కిరణాలతో గొలుసులను ముడివేసి, ఆపై వేడిచేసి తెగిన కొసలను అణచివేసిన క్రొత్త రకం వచ్చింది. 2007 ప్రాంతం నుండి, ఆక్సీకరణాన్ని అడ్డుకొనే ఇ-విటమిన్ కలిపిన పాలిఎథిలీన్ వాడుకలోనికి వచ్చింది. తుంటిలో ఈ మార్పుల వలన అరుగుదల బాగా తగ్గింది. చీలమండలో మాత్రం ఒక మెలిక ఉన్నది. గొలుసులను అధికంగా ముడివేస్తే అరుగుదల తగ్గుతుంది గాని, విరగకుండా సాగే గుణం కూడా కొంత తగ్గుతుంది. పలుచని ముక్కపై పెద్ద భారం పడే చోట ఈ రెండు గుణాలూ అవసరమే.

పాత పాఠం అందరూ నేర్చుకొన్నారనుకోవడానికి వీలులేదని ఇటీవలి రెండు ఉదంతాలు తెలుపుతున్నాయి. 2021 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ స్టార్ చీలమండ కీలును గురించి హెచ్చరిక జారీ చేసింది. ప్లాస్టిక్ భాగం ఊహించిన దానికంటె ఎక్కువగా విరుగుతున్నదని, మూడు నాలుగేళ్లకే విరిగిన సందర్భాలు కూడా ఉన్నవని అందులో పేర్కొన్నారు. ఆ ప్లాస్టిక్‌కు ప్రాణవాయువును అడ్డుకొనే రేకు ప్యాకింగును 2014లో గాని ప్రవేశపెట్టలేదు. అదే 2021లో మరొక అమెరికన్ తయారీదారు మోకాలు, చీలమండ కీళ్ల ప్లాస్టిక్ భాగాలను వెనుకకు పిలిపించవలసి వచ్చింది. 2004 నుండి తయారైన వాటిలో అత్యధిక భాగాన్ని, ప్రాణవాయువును ఆపే ఒక అదనపు పొర లేని సంచులలో ఉంచి అమ్మినట్లు తేలింది. ముక్క మంచిదే, యంత్రపు పని మంచిదే. లోపమంతా సంచిలో ఉన్నది. స్టోర్సులో భద్రపరచే విధానం కూడా యంత్రపు ఆయుష్షులో భాగమేనని మనకు తెలియనిది కాదు గదా!

నొప్పి లేని నష్టం

ప్లాస్టిక్ విరిగితే నొప్పి, వాపు, కీలు పట్టు తప్పడం వలన రోగికి తెలుస్తుంది. మెల్లగా అరిగితే తెలియదు. అరుగుదలలో రాలే రేణువులు చాలావరకు మైక్రానుకంటె చిన్నవి. శరీరపు రక్షక కణాలు వాటిని మ్రింగుతాయి గాని, జీర్ణం చేసుకోలేవు. ఆ పోరాటంలో వెలువడే రసాయనాలు చుట్టుప్రక్కల ఎముకను కరిగిస్తాయి. లోహపు పలక క్రింద ఎముకలో గుల్లలు ఏర్పడతాయి. గుల్ల ఎంతో పెద్దదయ్యే వరకు రోగి సుఖంగానే నడుస్తూ ఉండవచ్చు. బాధ తెలిసే నాటికి, క్రొత్త కీలును నిలబెట్టడానికి చాలినంత ఎముక మిగలకపోవచ్చు. అన్ని గుల్లలకూ ప్లాస్టిక్ ఒక్కటే కారణం కాదు గాని, ముఖ్య కారణాలలో అది ఒకటి. ముందుగా కనిపెడితే గుల్లను ఎముకతో పూడ్చి, కొన్ని సందర్భాలలో ప్లాస్టిక్ ముక్కను మాత్రమే మార్చి, లోహ భాగాలను నిలుపుకొనవచ్చును.

కనుకనే, కృత్రిమ కీలు విషయంలో నొప్పి లేకపోవడాన్ని భద్రతగా భావించరాదు. వైబ్రేషను రీడింగులు తీసుకొనడానికి యంత్రం ఆగిపోయే వరకు మనం వేచి ఉండము.

బిగింపా? మార్పిడా?

కీలును బిగించివేసే పద్ధతిలో టాలస్, టిబియా కలిసి ఒకే ఎముక అవుతాయి. బేరింగే ఉండదు కనుక అరిగేదేమీ లేదు. బరువు పని చేసేవారికి, వయసులో చిన్నవారికి ఇది నమ్మకమైన మార్గం. అయితే చీలమండ కదలిక పోయినందున పాదంలోని ప్రక్క కీళ్లు అదనపు శ్రమను మోసి, ఏళ్లు గడిచాక అవి కూడా చెడవచ్చు. కొందరిలో ఎముకలు సరిగా అతుకకపోవడం కూడా ఉన్నది.

మార్పిడి వలన కొంత కదలిక నిలుస్తుంది. వివిధ దేశాల నివేదికలను బట్టి పదేళ్ల తరువాత నూటికి సుమారు 70 నుండి 90 వరకు కీళ్లు నిలిచి ఉంటున్నవి. తుంటి, మోకాళ్ల కంటె ఇది తక్కువ. బ్రిటనులో 50 నుండి 85 ఏళ్ల వయసు గల 303 మందిని రెండు పద్ధతులకు విభజించి జరిపిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. ఏడాది తరువాత రెండు వర్గాల వారూ బాగా మెరుగుపడ్డారు. నడక, నిలబడడంలో రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కావున ఒకటి ఆధునికం, మరొకటి పాతకాలపుది అని భావించి నిర్ణయించుకొనడం తగదు. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారికి, కీలులో చీము పట్టినవారికి, టాలస్ ఎముకకు రక్తప్రసారం చెడినవారికి కృత్రిమ కీలు సాధారణంగా తగదు. అమర్చుకొన్నవారు పరుగెత్తడం, బరువులు ఎత్తడం మానవలెను. గొంతుక్కూర్చొనుటకు కావలసినంత వంపు కూడా ఈ కీలు ఇవ్వదని ముందే తెలిసి ఉండడం మంచిది.

అడగవలసినవి, దాచవలసినవి

మార్పిడికే నిశ్చయించుకొన్న పాఠకులు వైద్యులను ఈ క్రింది విషయాలు మర్యాదగా, సంకోచం లేకుండా అడుగవలెనని కోరుతున్నాము.

మొదటిది, అమర్చబోయే ప్లాస్టిక్ ఏ రకమైనది, దానిని ఏ విధంగా సూక్ష్మజీవిరహితం చేశారు, ప్యాకెట్టు ప్రాణవాయువును అడ్డుకొనునదేనా, తయారీ తేదీ, గడువు తేదీ ఏమిటి? రెండవది, ప్లాస్టిక్ మందం ఎంత? మూడవది, పాదం వంకర ఉన్నట్లయితే దానిని ముందుగా గాని, అదే సమయంలో గాని సరిచేస్తారా? వంకర పునాదిపై నిలిపిన బేరింగు ఏమవుతుందో పై లెక్కలో చూశాము. నాలుగవది, ఆ వైద్యులు ఏడాదికి ఎన్ని చీలమండ మార్పిడులు చేస్తున్నారు? తుంటి, మోకాళ్లలో సిద్ధహస్తులందరికీ చీలమండలో అంత అనుభవం ఉండకపోవచ్చు. ఐదవది, మున్ముందు ప్లాస్టిక్ ముక్కను మాత్రమే మార్చే వీలు ఆ నమూనాలో ఉన్నదా?

కీలు భాగాల ప్యాకెట్లపై బ్యాచి నంబరు గల అంటుకాగితాలు ఉంటాయి. వాటిని డిశ్చార్జి పత్రంపై అంటించి ఇవ్వమని కోరి, ప్రతిని ఇంటిలో పాస్‌పుస్తకం దాచినట్లు దాచవలెను. తయారీదారు ఏనాడైనా ఒక బ్యాచిని వెనుకకు పిలిస్తే, మీ కాలిలో ఉన్నది అదేనా కాదా అని తెలిపేది ఆ చిన్న కాగితమే. నొప్పి లేకపోయినా ఏడాదికొకసారి నిలబడి ఎక్స్‌రే తీయించుకొని, పాత ఎక్స్‌రేలతో పోల్చి చూడమని వైద్యులను కోరవలెను. పరికరంలో లోపం కనిపిస్తే, 2015లో ప్రారంభమైన భారత మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయమని ఆసుపత్రి వారిని అడుగవచ్చును. ఘజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషను దానిని నడుపుతున్నది.

ఇక ఉత్తరం వ్రాసిన సోదరికి మా సమాధానం. ఆ ముక్క మీ బకెట్టు జాతిదే గాని, గాలి తగలకుండా ప్యాకెట్టులో భద్రపడి, వంకర లేకుండా కూర్చొని, ఏటేటా పరీక్షకు నోచుకొన్నప్పుడు పది పన్నెండేళ్లు, కొందరిలో అంతకు మించి కూడా మోయగలదు. ఈ మూడింటిలో చివరిది పూర్తిగా మన చేతిలోనే ఉన్నది. మొదటి రెండూ అడిగి తెలుసుకొనదగినవి. ఏ మార్గం ఎంచుకోవలెనన్నది మాత్రం పాదాన్ని చేతితో పట్టి చూసిన వైద్యులే చెప్పవలెను. అవసరమైతే మరొక ఎముకల వైద్యుని అభిప్రాయం కూడా తీసుకొనడంలో తప్పు లేదు.

చీలమండ బెణికినప్పుడు మొదటి రెండు రోజులలో చేయవలసిన, చేయకూడని పనులను గురించి వచ్చే సంచికలో ముచ్చటించుకొందాము.